పిల్లికి ఆపరేషనా?

"పిల్లికి ఆపరేషనా!" అని మీరు నవ్వవచ్చు. హిందూపురంలో మా వీధివాళ్ళూ అలాగే నవ్వారు. చింతపండు మూటల దగ్గర ఎలుకలు పట్టడానికి పెంచుకున్న జంతువే గదా, పోతే ఇంకొకటి తెచ్చుకోవచ్చు అన్నారు. నేను మనుషులకు వైద్యం చేసేవాణ్ణి. అయినా ఈసారి పిల్లి గురించే రాస్తున్నాను. ఇంట్లో నోరులేని ప్రాణికి పెద్ద జబ్బు చేసినప్పుడు ఏం చేయాలో తోచక తల్లడిల్లేవాళ్ళు మీలో తక్కువమంది ఉండరు.

మా పిల్లికి అప్పటికి పదకొండేళ్ళు. ఎదకు వచ్చి వెళ్ళిన నెలకు అది తిండి మానేసింది. తొట్టి దగ్గర కూర్చుని అదేపనిగా నీళ్ళు తాగేది. రెండుసార్లు వాంతి చేసుకుంది. పొట్ట ఉబ్బితే, కడుపుతో ఉందేమోనని మా ఆవిడ సంబరపడింది. పశువుల డాక్టరుగారు పొట్ట తడిమి చూసి, స్కానింగ్ చేయించి, గర్భసంచి నిండా చీము పట్టిందన్నారు. దీన్ని పయోమెట్రా అంటారు. చీము బయటికి కారుతుంటే ఇంట్లోవాళ్ళు త్వరగా కనిపెడతారు. గర్భసంచి నోరు మూసుకుపోయిందా, ఒక్క చుక్క కూడా బయటపడదు. విషం రక్తంలోకి ఎక్కుతుంది. సంచి పగిలే ప్రమాదమూ ఉంది. మా పిల్లిది ఈ రెండో రకం.

ఇంజక్షన్లతో తగ్గదా అని మీరు అడుగుతారు. మా అమ్మా అదే అడిగింది. యాంటీబయాటిక్స్ సూక్ష్మజీవుల జోరు తగ్గిస్తాయి గాని, మూసుకుపోయిన సంచిని ఖాళీ చేయలేవు. గర్భసంచిని, అండాశయాలను తీసివేయడమే అసలైన చికిత్స. వయసులో ఉన్న పిల్లికి, సంచి నోరు తెరుచుకుని ఉంటే, మందులతో చీము వెళ్ళగొట్టే పద్ధతి లేకపోలేదు. అయితే జబ్బు తిరగబెట్టవచ్చు.

"ముసలి ప్రాణం నాయనా, కోసి నొప్పిపెట్టి చంపొద్దు" అంది అమ్మ.

"నొప్పి ఇప్పుడూ ఉందమ్మా, అది చెప్పుకోదంతే" అన్నారు డాక్టరుగారు.

ఆయన మాట నిజం. పిల్లి నొప్పిని దాచుకునే జంతువు. మూలగదు. మంచం కిందో, బీరువా వెనకో చేరి ముడుచుకుంటుంది. గురగురమంటోంది కాబట్టి హాయిగా ఉందనుకోకండి, బాధలోనూ గురగురమంటుంది.

ఒప్పుకునే ముందు నేను అడిగినవి మీరూ అడగండి. ఆపరేషన్ చేయించకపోతే ఎన్నాళ్ళు బతుకుతుంది, ఆ రోజులు ఎలా గడుస్తాయి? చేయిస్తే మునుపటిలా తిని తిరుగుతుందా? మత్తుమందుకు తట్టుకుంటుందా? వయసు ఒక్కటే చూసి వద్దనుకోనక్కరలేదు. వయసు జబ్బు కాదు. మూత్రపిండాలు, గుండె ఎలా ఉన్నాయన్నదే లెక్క. మా పిల్లికి రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగి ఉంది. ఒంట్లో నీరు తగ్గినా అలా పెరుగుతుంది, సెలైన్ ఎక్కించి చూద్దామన్నారు. ఒక రాత్రి ఎక్కించాక దిగింది. మా ఇంట్లో వాదన అక్కడితో తేలింది. ఇక డబ్బు సంగతి. పరీక్షలు, మందులు, పడక, రానూపోనూ ఖర్చు అన్నీ కలిపి ముందే అడగండి. అందులో సిగ్గు పడవలసింది లేదు.

మనకు బెంగుళూరు సుమారు నూరు కిలోమీటర్లు. దారిలోనే తగిలే హెబ్బాళలో 1958 నుంచి పశువైద్య కళాశాల ఉంది. మత్తులో ఉన్నంతసేపూ గుండెను, ఊపిరిని కనిపెట్టి ఉండే సదుపాయం కావాలని మేము బెంగుళూరులోనే చేయించాం. మూత ఉన్న బుట్టలో అమ్మ తన పాత చీర పరిచి ఇచ్చింది. పదోరోజున కుట్లు విప్పారు. ఆ తర్వాత రెండేళ్ళకు పైగా బతికింది.

ఎదురింటివాళ్ళ పిల్లి కథ వేరు. దానికి రొమ్ములో గడ్డ. పిల్లుల రొమ్ము గడ్డల్లో నూటికి 80 నుంచి 90 దాకా కేన్సరువే ఉంటాయి. అందుకే కత్తి పట్టకముందే ఛాతీకి ఎక్స్‌రే తీయాలి. తీస్తే ఊపిరితిత్తులకు పాకి ఉంది. వాళ్ళు ఆపరేషన్ వద్దన్నారు. డాక్టరు రాసిచ్చిన నొప్పి మందుతో కొన్ని వారాలు చూసుకుని, ఊపిరి ఆడని రోజున నిద్రపుచ్చే ఇంజక్షన్ వేయించారు. వీధిలో కొందరు వాళ్ళను పిసినారులన్నారు. నేను మాత్రం వాళ్ళ పక్షమే. ఆ గడ్డ కోసినా ఆ పిల్లికి మిగిలేది కుట్ల నొప్పే.

ఈ రెండు జబ్బులకూ ముందుజాగ్రత్త ఒకటే, చిన్నతనంలోనే గర్భసంచి, అండాశయాలు తీయించడం. ఆరు నెలల లోపు చేయించిన పిల్లుల్లో రొమ్ము కేన్సరు ముప్పు 91 శాతం తగ్గిందని 2005లో అమెరికాలో ఒక పరిశోధన తేల్చింది.

డాక్టరు దగ్గరికి పోయేలోగా ఇంట్లో ఉన్న పారాసిటమాల్ నూరి పోయకండి. దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు ప్రాణం తీయడానికి. మగపిల్లి మాటిమాటికీ మూత్రానికి కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే తెల్లవారేదాకా ఆగకండి, ఆ రాత్రే తీసుకెళ్ళండి.