హిమగిరికి పదిమందితో

హిమాలయయాత్ర యనగానే తెలుగు పాఠకునకు మొట్టమొదట స్మృతికి వచ్చువాడు పెద్దనగారి ప్రవరుడు. సిద్ధుడిచ్చిన పసరు పాదములకు పూయించుకొని, తోడెవ్వరును లేక, ఆ పసరు తడికి తాళునో తాళదో యని ఒక్క ప్రశ్నయైనను అడుగక మంచుకొండకు పోయి, చూడవలసినవెల్ల కనులార చూచి, మధ్యాహ్నమగుసరికి ఇల్లు జ్ఞప్తికి వచ్చి కదలబోవగా, పసరు కాస్తయు మంచునీట కరిగిపోయియుండెను. అతనిని వరూధిని నిలుపజూచెనని లోకమంతయు చెప్పుకొనును. అంతకు ముందే మంచు నిలిపివేసెనని తలచువారు అరుదు. రసికులు మనుచరిత్రమును శృంగారమునకై చదువుదురు గాక. పదిమందిని వెంటబెట్టుకొని మంచుకొండలకు పోవు అలవాటు గల నావంటివాడు దానిని తిరుగుప్రయాణమునకు ఏర్పాటు చేసికొనని యాత్రికుని కథగా చదువును.

ఉత్తరకాశి జిల్లాలోని కేదార్‌కంఠ శిఖరము సుమారు 12,500 అడుగుల ఎత్తు గలది. పర్వతారోహణ విద్య నేర్వనివారు సైతము శీతకాలపు మంచులో ఎక్కి రాదగినదని పేరు పడుటచే, ఇటీవల మన ప్రాంతపు యువజనులును అచ్చటికి గుంపులుగా పోవుచున్నారు. డెహ్రాడూన్‌లో తెల్లవారుజామున బండి యెక్కి, మస్సూరీ, పురోలా, మోరీల మీదుగా ఇంచుమించు 200 కిలోమీటర్లు మలుపులు తిరిగి, పొద్దుగూకువేళకు సాంక్రీ గ్రామము చేరుటతో యాత్ర ఆరంభమైనదని వారనుకొందురు; నాయకుని పనిలో సగము అప్పటికే ముగిసియుండవలెను. ఉబ్బసము గలదెవరికి, మోకాలికి శస్త్రచికిత్స జరిగినదెవరికి, మొగమాటమునకు సరేయన్నదెవరు, ఇవన్నియు రైలు టిక్కెట్లు కొనకముందే తెలియవలెను. వీపున సంచితో అలిపిరి మెట్లు 3,550 ఎక్కి మరునాడు కుంటక నడచినవానిని నేను మారుమాట లేక చేర్చుకొందును; వ్యాయామశాలలో కండలు పెంచినవానిని మాత్రము ఒకసారి పరికించి చూతును.

సామగ్రి విషయమున పట్టణవాసులకు ఎంత చెప్పినను నూలుబట్టపై మమకారము పోదు. నూలు చెమటను పీల్చి తడిసి అంటుకొనియుండును, ఆ తడి దేహపు వేడిని లాగివేయును. ఉన్ని తడిసినను కొంత వెచ్చదనము నిలుపును. రాత్రి సీసాను తలక్రిందులుగా నిలుపుడని చెప్పినప్పుడు నవ్వినవారు, తెల్లవారి ఇతరుల సీసాల మూతలు గడ్డకట్టి రాక అవస్థపడుచుండగా, తమ సీసాలో గడ్డ అడుగువైపున చేరి మూత సులువుగా తిరుగుట చూచి నన్ను మంత్రగానివలె చూతురు. మంత్రమేమియు లేదు, నీరు పైనుండి గడ్డకట్టును, అంతే. ఇంటినుండి వచ్చిన పేరునెయ్యి రాయివలె బిగిసిపోవును గనుక కందిపొడి తెచ్చినవాడు దానిని పొడిగనే తినవలసివచ్చును.

ఇక ఎత్తు సంగతి. శిఖరముపై ప్రతి శ్వాసలోను లభించు ప్రాణవాయువు సముద్రతీరమున లభించుదానిలో సుమారు మూడింట రెండు వంతులే. తలనొప్పి, వికారము తొలి గుర్తులు. తిన్నగా నడువలేక తూలుట ఆరంభమైనచో అర్ధరాత్రియైనను క్రిందికి దింపవలసినదే, తెల్లవారనిమ్మనుట ప్రమాదము. అయితే మన కుర్రవారు తలనొప్పిని పరీక్షలో తప్పిన మార్కులవలె దాచిపెట్టుదురు. “ఎలా ఉంది?” అని అడిగిన ప్రతివాడును “బాగానే ఉందండీ” అనును. అందుచేత నేనట్లు అడుగను. “రాత్రి ఎన్ని రొట్టెలు తిన్నావు బాబూ?” అని అడుగుదును. నోరు కల్లలాడినను ఆకలి ఆడదు. వంటవానిని విచారించినచో ఆ లెక్కయు సరిచూచుకొనవచ్చును. పదివేల అడుగులు దాటిన పిమ్మట ఏ రాత్రి పడకయు ముందటి రాత్రి పడకకంటె 1,600 అడుగులకు మించిన ఎత్తున ఉండరాదని వైద్యులు చెప్పుదురు. దేహము ఎత్తునకు అలవాటుపడవలెనన్నచో దేవదారువృక్షముల నడుమ జూడా కా తాలాబ్ అను చెరువు చెంత ఒక రాత్రి అదనముగా గడపవలసివచ్చును. సెలవు చాలదని గొణుగువారికి ఆ గడ్డకట్టిన చెరువును చూపి ఊరకుందును.

కేదార్‌కంఠమునుండి స్వర్గారోహిణి శిఖరము కనబడును. పాండవులు స్వర్గమునకు పోయినది ఆ త్రోవనేయని జనులు చెప్పుకొందురు. ద్రౌపది పడినది, సహదేవ నకులార్జునులు పడిరి, తుదకు భీముడును పడెను. ధర్మరాజు మాత్రము ఎవరెందుకు పడిరో కారణము సెలవిచ్చుచు, వెనుదిరిగి చూడక ముందునకే సాగెను. స్వర్గమునకు అది తగిన నడక కావచ్చును గాని, సాంక్రీకి తిరిగిరావలసిన గుంపునకు తగదు. దారి తెలిసిన గ్రామస్థుడు ముందుండవలెను, అతని వెంటనే అందరికంటె మెల్లగా నడచువాడు, కట్టకడపట నాయకుడు. మందగామిని వెనుక విడిచినచో జరుగునదేమనగా, వేగముగలవారు ముందు చేరి కూర్చుండి అలసట తీర్చుకొని, వాడు రొప్పుచు వచ్చుసరికి లేచి బయలుదేరుదురు. విశ్రాంతి అవసరమైనవానికే విశ్రాంతి లేకపోవును.

శిఖరమునాడు వెనుదిరుగవలసిన గడియను నేను ముందునాటి రాత్రియే, అందరును వినగా ప్రకటింతును. మిట్టమీద “ఇంకెంతండీ, నాలుగువందల అడుగులే కదా!” అని బతిమాలువానితో వాదించుటకు ఊపిరి చాలదు. ఎండ యెక్కినకొలది మంచు మెత్తబడి మోకాలివరకు దిగబడును. భారీగా మంచు కురిసిన మొదటి రెండు దినములు నిట్టవాలుల జోలికే పోరాదు, మంచుచరియలు మిక్కిలిగా జారునది అప్పుడే. సూర్యోదయమును శిఖరముపైననే చూడవలెనను పట్టుదల నాకు లేదు. సగము త్రోవలో చూచినను సూర్యుడొక్కడే.

దిగునప్పుడు అందరికిని కూర్చుండి జారవలెనని సరదా పుట్టును. చిన్న వాలులపై, అడుగున రాళ్లు లేవని చూచి, నేనును కాదనను. కాని బూట్లకు తొడిగిన ఇనుపముళ్లతో జారినచో ముల్లు మంచులో తగుల్కొని చీలమండ విరుగును. కావున ఒక్కొక్కని కాళ్లు చూచి, ముళ్లు విప్పించి, అవి సంచిలో చేరినవో లేదో లెక్కపెట్టి విడుచుచుందును. ఏలయన వాలు క్రింద నీడపట్టున గట్టిమంచు మరల తగులును, అప్పుడు ముళ్లను తిరిగి తొడుగుకొనవలసియుండును.