మా అమ్మ ఊడ్చిన రేవు

ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసిమ్మని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు నేను రాజమండ్రిలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. "చదువు గొప్పతనం మీద రాయి బాబూ, పిల్లలకి పనికొస్తుంది" అన్నారు. "అలాగేనండీ" అన్నాను. బస్సు వంతెన ఎక్కాక కిటికీలోంచి కొవ్వూరు ఒడ్డు కనబడింది. రేవు మెట్లు, మెట్ల మీద చీమల్లా మనుషులు, వెనకాల మన గట్టు. చదువు గొప్పతనం మీద ఈ సంచికలో ఎలాగూ నలుగురైనా రాస్తారు. నేను మన గోదావరి గట్టు గురించీ, గోష్పాద క్షేత్రం రేవు గురించీ రాస్తాను. వార్డెన్ గారు క్షమించాలి.

మాది తాళ్ళపూడి అవతల చిన్న పల్లె. నాన్న ఇసుక పడవ మీద కూలి. అమ్మ పొలం పనికి వెళ్తుంది. మా ఇంట్లో నా ముందు పదో తరగతి దాటినవాళ్ళు లేరు. 2013లో ఆరో తరగతిలో చేరడానికి ట్రంకు పెట్టెతో మన హాస్టల్‌కి వచ్చాను. మొదటి నెలంతా రాత్రిళ్ళు దుప్పటి ముసుగు పెట్టుకుని ఏడ్చేవాణ్ణి. ఒక ఆదివారం వాచ్‌మన్ బాబాయి మమ్మల్ని పదిమందిని వరసగా నిలబెట్టి గట్టు మీదకి తీసుకెళ్ళాడు. గోదావరి కనబడగానే నా బెంగ సగం తీరింది. మా ఊళ్ళో చూసే ఏరే ఇది. పొద్దున్న మా నాన్న పడవ కింద నుంచి వెళ్ళిన నీళ్ళు సాయంత్రానికి నా ముందుకి వస్తాయని లెక్క వేసుకునేవాణ్ణి. ఆ లెక్క తప్పో ఒప్పో ఇప్పటికీ సరిచూసుకోలేదు.

మన హాస్టల్ పిల్లలకి టీవీ కన్నా వంతెనలే పెద్ద కాలక్షేపం అని పాత విద్యార్థులందరికీ తెలుసు. హేవలాక్ వంతెన 1897లో మొదలుపెడితే 1900లో రైళ్ళు నడిచాయి. 1997లో దానికి విశ్రాంతి ఇచ్చేశారు. అదే ఏడు ఆర్చి బ్రిడ్జి వచ్చింది. ఈ రెండింటి మధ్య కాలంలో, 1974లో, రోడ్డు కమ్ రైలు బ్రిడ్జి. కింద రైలు, పైన లారీ. 2015లో నాలుగో వంతెన. గట్టు మీద కూర్చుని, వచ్చేది గూడ్సో పాసింజరో చప్పుడు బట్టి చెప్పడం మా పందెం. ఓడినవాడు ఆదివారం చికెన్‌లో ఒక ముక్క ఇవ్వాలి. నేను చాలా ముక్కలు పోగొట్టుకున్నాను.

ఇంకొకటి. రాజమండ్రి వాళ్ళకి ఎన్ని ఘాట్లు ఉన్నా, నీళ్ళ మీద సూర్యోదయం చూడాలంటే మన ఒడ్డుకి రావాలి. మనం పడమటి వైపు కదా, సూర్యుడు వాళ్ళ ఊరి వెనక నుంచి లేచి నీళ్ళ మీదుగా మన దగ్గరకి వస్తాడు. స్టడీ అవర్ ఎగ్గొట్టి చూసిన రోజులు ఉన్నాయి. ట్యూటరు సారు ఈ ముక్క చదవకపోతే మంచిది.

ఇక అసలు సంగతికి వస్తాను. 2015 జులై 14 నుంచి 25 వరకు గోదావరి పుష్కరాలు జరిగినప్పుడు నేను ఎనిమిదో తరగతి. మన రేవు ఎంత ప్రసిద్ధమో మీకు చెప్పక్కర్లేదు. గౌతమ మహర్షి, మాయగోవు కథ, గోవు గిట్ట పడిన చోటు కాబట్టి గోష్పాదం అంటారు. ఆ పన్నెండు రోజులూ ఊళ్ళో కాలు పెట్టే చోటు లేదు. మొదటి రోజే ఎదుటి ఒడ్డున రాజమండ్రిలో తొక్కిసలాట జరిగి పాతికమందికి పైగా చనిపోయారు. మమ్మల్ని హాస్టల్ గేటు దాటనివ్వలేదు. రెండు మూడు రోజులు పోయాక, యాత్రికులకి మంచినీళ్ళు అందించడానికి మా క్లాసులో కొందరిని తీసుకెళ్ళారు. ఉతికిన యూనిఫాం, మెడలో కార్డు. మాకు పెళ్ళికి వెళ్ళినట్టు ఉంది.

రేవు మెట్ల దగ్గర ఆడవాళ్ళు వరసగా ఊడుస్తున్నారు. అందరికీ ఒకటే రంగు కోట్లు, చేతిలో పొడుగు చీపుళ్ళు. పల్లెల నుంచి కూలికి తీసుకొచ్చారు. మూడో ఆవిడ మా అమ్మ.

అమ్మ వస్తున్నట్టు నాకు తెలియదు. పొలం పని లేదు కదా, పన్నెండు రోజుల కూలి దొరుకుతుందని వచ్చిందట. మెట్ల మీద విడిచిన తడి బట్టలు, అరటాకులు, పిండాలు, పువ్వులు, పసుపు కుంకుమ కవర్లు అన్నీ కలిసి బురదగా ఉన్నాయి. వంగి తట్టలోకి ఎత్తుతోంది. నా పక్కన నా స్నేహితుడున్నాడు. వాడు చూడలేదు. అమ్మ తల ఎత్తేలోగా నేను మంచినీళ్ళ డ్రమ్ము వైపు తిరిగిపోయాను. ఆ రోజంతా డ్రమ్ము వెనకాలే నిలబడి గ్లాసులు కడిగాను. అందరూ నన్ను బాగా కష్టపడ్డాడని మెచ్చుకున్నారు.

ఈ మాట పదేళ్ళు ఎవరికీ చెప్పలేదు.

పదో తరగతి 2018లో అయిపోయింది. తర్వాత ఇంటరు, డిగ్రీ, మధ్యలో ఒక ఏడాది బట్టల కొట్లో పని, ఇప్పుడు రాజమండ్రిలో ఎమ్మెస్సీ బోటనీ రెండో సంవత్సరం. డిగ్రీలో ఉండగా 2022 జులైలో పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. ఆ ఏడు మూడోదీ దాటి, 25 లక్షల క్యూసెక్కులకి పైగా నీళ్ళు వెళ్ళాయి. గట్టు మనకి షికారు దారే గానీ, లంకల్లో ఉండేవాళ్ళకి అది వరద రోజుల్లో ఇల్లు. 1986 వరదలో గేదెలతో సహా గట్టు మీదే వండుకు తిన్నామని మా తాతయ్య చెప్పేవాడు.

నీళ్ళు తీశాక రేవు చూడటానికి వెళ్ళాం. మెట్ల మీద మోకాలి లోతు ఒండ్రు. పలుగుతో తవ్వితే ఒండ్రు ఒక పొర, కవర్లు ఒక పొర, మళ్ళీ ఒండ్రు. మన ఒడ్డున చెత్త ఎందుకు ఇంత ఆగుతుందో మా సైన్సు సారు ఒకసారి చెప్పారు. దిగువన ధవళేశ్వరం దగ్గర బ్యారేజి ఉంది. 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసిన చోటే ఇప్పటి బ్యారేజి. అందువల్ల ఇక్కడ గోదావరి ఏడాదిలో ఎక్కువ రోజులు చెరువులా నిలబడి ఉంటుంది. నీళ్ళు నిదానంగా కదులుతాయి కాబట్టి మనం వేసింది మన దగ్గరే తిరుగుతూ ఉంటుంది. హాస్టల్ కుళాయిలో మనం పట్టుకునేదీ ఈ గోదావరి నీళ్ళే.

ఆ ఏడు కార్తీకమాసంలో పాత విద్యార్థులం అయిదుగురం కలిసి ఆదివారాలు రేవు శుభ్రం చేద్దామనుకున్నాం. మొదటి ఆదివారం బ్రహ్మాండంగా జరిగింది. గోనెసంచులు పదకొండు నింపాం. సంచుల పక్కన నిలబడి ఫోటోలు దిగాం. స్టేటస్‌లు పెట్టాం. మర్నాడు పొద్దున్న అటు వెళ్తే కుక్కలు సంచులన్నీ చించేశాయి. మున్సిపాలిటీలో పనిచేసే అక్క ఒకావిడ మళ్ళీ మొదటినుంచి ఎత్తుతోంది. నన్ను గుర్తుపట్టింది. "ఏం బాబూ, ఫోటో అయిపోయాక సంచులు ఎక్కడ పెట్టాలో అడగవచ్చు కదా?" అంది. కోపంగా అనలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది.

మేము ఎత్తినది ఆవిడ రెండోసారి ఎత్తాల్సి వచ్చింది. అంటే మేము ఆవిడకి పని పెంచాం.

అప్పుడు కూర్చుని ఆవిణ్ణే అడిగాం. చెత్త ట్రాక్టరు ఎన్నింటికి వస్తుంది, ఎక్కడ ఆగుతుంది, తడి పువ్వులు కవర్లతో కలిపితే ఏమవుతుంది. చాలా చెప్పింది. అన్నిటికన్నా ప్రమాదం దేవుడి పటాలు. పాత పటాలు ఇంట్లో ఉంచకూడదని గోదాట్లో వేస్తారు. అద్దం పగిలి మెట్ల సందుల్లో ఉంటుంది, నీళ్ళలో కనబడదు. ఆవిడ పాదం మీద కుట్లు చూపించింది. అప్పుడు నాకు మా అమ్మ కుడికాలి మడమ గుర్తొచ్చింది. పుష్కరాలనుంచి వచ్చాక ఆవిడ రెండు వారాలు కుంటుతూ నడిచింది. రాయి గుచ్చుకుందని చెప్పింది. కూలి డబ్బులు కాంట్రాక్టరు దగ్గర్నుంచి దసరాకి గానీ అందలేదు.

అప్పటినుంచి మా పద్ధతి మారింది. ఇప్పుడు చెత్త ఏరడం తక్కువ, మెట్ల దగ్గర నిలబడటం ఎక్కువ. మన హాస్టల్ తమ్ముళ్ళు ఇద్దరేసి బుట్టలు పట్టుకుని కింది మెట్టు మీద ఉంటారు. "అమ్మా, పసుపు కుంకుమ నీళ్ళలో కలపండి, కవరు మాకు ఇవ్వండి" అంటారు. అంతే. నూటికి తొంభైమంది ఇచ్చేస్తారు. బోర్డులు పెట్టినా చదవనివాళ్ళు పిల్లాడు చెయ్యి చాపితే కాదనరు. దీపాలకి థర్మోకోల్ ప్లేట్ల బదులు అరటి దొప్పలు ఇస్తున్నాం. అలంకరణ థర్మోకోల్‌ని 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించారు గానీ దీపాల రోజున చూస్తే అలా అనిపించదు. దొప్పలు మా ఊరి అరటి తోటల్లో ఊరికే ఇస్తారు, మోసుకు రావడమే కష్టం. పటాలకి వేరే పెట్టె. నిండిన సంచులు ట్రాక్టరు ఆగే చోటికి మేమే మోస్తాం. ఫోటోలు మానేశాం అని అబద్ధం చెప్పను, తగ్గించాం.

ఒకటి ఒప్పుకోవాలి. గోదావరిని కాపాడాలి అని నేను గట్టిగా మాట్లాడినప్పుడల్లా నాకు మా నాన్న గుర్తొస్తాడు. గెడ పట్టుకుని నీళ్ళలో మునిగి, బకెట్టుతో ఇసుక తోడి పడవ నింపేవాడు. నా ఫీజులు, పుస్తకాలు, నేను వేసుకున్న మొదటి ప్యాంటు ఇసుకవే. వేసవిలో ఇసుక తిన్నెలు బయటపడగానే మనవాళ్ళు క్రికెట్ బ్యాటు పట్టుకుని దిగుతారు. మా నాన్న ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు. "ఇసక తీసిన చోట అడుగు ఉండదురా. పైకి మోకాలి లోతే కనబడుద్ది, పక్కడుగు ఏస్తే నిలువు లోతు." ఆ గుంటలు చేతులతో తవ్వినవాడి మాట అది. యంత్రాలు వచ్చాక గుంటలు ఇంకా పెద్దవయ్యాయి, మా నాన్నకి పని తగ్గింది. తమ్ముళ్ళూ, ఈ సంచికలో మీరు మిగతావన్నీ మర్చిపోయినా ఈ మాట గుర్తుంచుకోండి. ఇసుక మీద ఆడుకోండి, తెలియని చోట నీళ్ళలో దిగొద్దు.

గట్టు వెంట ఎగువకి వెళ్తే కుమారదేవం. సినిమా చెట్టు ఉన్న చోటు. ఊరికి వెళ్ళే ప్రతిసారీ బస్సులోంచి చూసేవాణ్ణి. నిద్రగన్నేరు, నూట యాభై ఏళ్ళ వయసని చెప్పుకునేవారు. విశ్వనాథ్, బాపు, వంశీ గార్ల సినిమాల్లో కనబడిన చెట్టు. బోటనీలో చేరాక తెలిసింది, నిద్రగన్నేరు మన దేశపు చెట్టే కాదట, అమెరికా ఖండం నుంచి వచ్చింది. అయినా గోదావరి బొమ్మ అంటే ముందు ఆ చెట్టే గుర్తొస్తుంది. 2024 ఆగస్టులో అది కూలిపోయింది. ఆ వారం నేను వెళ్ళి చూశాను. వేళ్ళ దగ్గర ఒడ్డు కోసుకుపోయి ఉంది. చుట్టూ జనం, చేతుల్లో సెల్‌ఫోన్లు. నిలబడి ఉండగా దాని కింద కూర్చుని తిన్నవాళ్ళం అందరం ఉన్నాం అక్కడ, నాతో సహా. ఒడ్డు కోసుకుపోతోందని ఎవరం పట్టించుకోలేదు. తర్వాత మోడుని బతికించాలని కొందరు పూనుకున్నారు, చిగుళ్ళు కూడా వచ్చాయి. ఊరికి వెళ్ళినప్పుడు ఇప్పటికీ అటు వైపు సీటు చూసుకునే కూర్చుంటాను.

2027లో మళ్ళీ పుష్కరాలు. ఇప్పుడు మన కొవ్వూరు పశ్చిమగోదావరి కాదు, 2022 ఏప్రిల్ నుంచి తూర్పుగోదావరి జిల్లా. రెండు ఒడ్లూ ఒకే జిల్లాలో ఉండగా వచ్చే పుష్కరాలు అవి. మళ్ళీ పల్లెల నుంచి ఆడవాళ్ళని తీసుకొస్తారు. మన హాస్టల్ పిల్లలు మళ్ళీ మంచినీళ్ళు ఇస్తారు. ఆ వరసలో ఎవరి అమ్మ ఉంటుందో నాకు తెలియదు. వాళ్ళకి చేతి తొడుగులు, కాళ్ళకి బూట్లు, పనైన రోజునే కూలి అందేలా చూడమని పాత విద్యార్థుల సంఘం తరఫున ఒక అర్జీ రాస్తున్నాం. సంతకాలు కావాలి. వార్షికోత్సవం రోజున గేటు పక్కన టేబుల్ దగ్గర కాగితం ఉంటుంది.

పోయిన కార్తీకంలో అమ్మని రేవుకి తీసుకొచ్చాను. దీపం పెట్టుకుంది. తర్వాత మెట్ల మీద కూర్చున్నాం. అలవాటుగా పక్కనున్న చాక్లెట్ కాగితం తీసి కొంగులో పెట్టుకుంది. నేను చెప్పేశాను. "అమ్మా, పుష్కరాల్లో నిన్ను ఇక్కడే చూశాను. చూసి కూడా అటు తిరిగిపోయాను."

అమ్మ నీళ్ళ వైపే చూస్తోంది. "నేను ముందే చూశానురా నిన్ను. యూనిఫారం వేసుకుని ఎంత బాగున్నావో. నీ స్నేహితుల ముందు పిలిస్తే నువ్వు చిన్నబోతావని తలొంచుకుని ఊడ్చుకున్నాను" అంది.

నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. ఆర్చి బ్రిడ్జి మీద రైలు వస్తోంది. "అది గూడ్సా, పాసింజరా?" అని అమ్మ అడిగింది. గూడ్సు అన్నాను. పాసింజరు.