బోల్తా పడే హక్కు

పంజరం అనగానే మనకి ముందు చిలక గుర్తొస్తుంది, ఆ వెంటనే స్త్రీ గుర్తొస్తుంది. కథల్లో, కవిత్వంలో, మహిళా దినోత్సవం ఉపన్యాసాల్లో ఈ పోలికని వాడి వాడి అరగదీశాం. ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, పిల్లల జవాబు పత్రాల్లో ఈ చిలకని ఎన్ని వందలసార్లు చూశానో లెక్కలేదు. అయితే పంజరంలో ఉండటానికీ, పంజరం వేసుకుని బయటికి పోవటానికీ మధ్య చాలా దూరం ఉంది. ఈ వేసవిలో మా చెల్లెలి కూతురు ఆ తేడాని అల్యూమినియం గొట్టాలతో కట్టి మరీ చూపించింది. ఆ సంగతి మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

తను రాజమండ్రి దగ్గర ఒక కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం పూర్తిచేసింది. సెక్షన్లో అరవైమంది ఉంటే ఆడపిల్లలు ఆరుగురు. ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం మన దేశంలో 2007 నుంచి ‘బాహా’ అనే పోటీ జరుగుతోంది. గోతులూ గుట్టలూ ఉన్న నేల మీద నడిచే, ఒక్క మనిషి కూర్చునే బండిని పిల్లలే గీసి, పిల్లలే కట్టి, నడిపి చూపించాలి. ఆ బండికి ప్రాణం దాని చట్రం. దాన్ని రోల్ కేజ్ అంటారు. బండి పల్టీ కొట్టినా లోపలి మనిషి తల నేలకి తగలకుండా చుట్టూ ఉక్కు గొట్టాలతో అల్లిన గూడు అది. గొట్టం ఎంత లావుండాలో, ఆ ఉక్కులో కార్బన్ కనీసం 0.18 శాతం ఎందుకుండాలో అన్నీ నిబంధనల్లో ఉంటాయి.

మా పిల్ల ఆ జట్టులో చేరింది. చేరిన ముగ్గురు ఆడపిల్లలకీ వచ్చిన పనులు ఇవి: ఖర్చుల నివేదిక తయారుచేయడం, డబ్బు సాయం కోరుతూ కంపెనీలకి ఉత్తరాలు రాయడం, న్యాయనిర్ణేతల ముందు చక్కగా మాట్లాడటం. గొట్టాలు కోసి వంచి అతికే షెడ్డులో పని సాయంత్రం ఆరింటికి మొదలవుతుంది. అమ్మాయిల హాస్టల్ గేటు ఏడున్నరకి మూస్తారు. అబ్బాయిల హాస్టల్‌కి అసలు గేటే లేదు. బండి తయారై పోటీకి వెళ్ళేనాటికి దాని మీద ప్రతి రూపాయి లెక్కా తనకి తెలుసు, ఒక్క అతుకు కూడా తను వేసింది కాదు.

“ఎవరూ నన్ను వద్దనలేదు పెద్దమ్మా. అందరూ జాగ్రత్తగానే చూసుకున్నారు” అంది. ఫిర్యాదుగా కూడా అనలేదు. మనల్ని పక్కన కూర్చోబెట్టిన చేతుల్లో తిట్టిన చేతులు కొన్నే. ఎక్కువభాగం ప్రేమగా, భుజం తట్టి కూర్చోబెట్టినవే. అందుకే వాటితో తగువు పెట్టుకోవడం అంత కష్టం.

సెలవులకి వస్తూ తను ఒక పాత రిమోట్ కారు తెచ్చుకుంది. అసలు కారులో పదోవంతు సైజు. పై తొడుగు పగిలిపోయి ఉంది. దానికి అల్యూమినియంతో రోల్ కేజ్ కడతానంది. వాళ్ళమ్మ ఉండేది అపార్ట్‌మెంటులో, అక్కడ మంటా మోతా కుదరవు. మా ఇంటికి పెరడుంది. అలా నేను సాక్షినయ్యాను, కొన్నాళ్ళకి సహాయకురాలినయ్యాను.

ఉక్కు ఎందుకు కాదని అడిగాను. లెక్క చెప్పింది. ఆరు మిల్లీమీటర్ల లావు, ఒక మిల్లీమీటరు మందం ఉన్న గొట్టం మూడు మీటర్లు కావాలి. ఉక్కయితే సుమారు 370 గ్రాములు, అల్యూమినియమైతే 130 లోపే. బండి మొత్తం రెండు కిలోలు. అంత చిన్న బండికి నెత్తిన పావుకిలో అదనంగా పెడితే, కాపాడాల్సిన పంజరమే దాన్ని మాటిమాటికీ బోల్తా కొట్టిస్తుంది. రక్షణ పేరుతో మోపే బరువు గురించి ఇంతకంటే సూటిగా నేనెక్కడా చదవలేదు.

అల్యూమినియం మనకి కొత్త లోహమేం కాదు కదా. సత్తుగిన్నె అని మనం పిలిచేది దాన్నే. 1898లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టాక అది మెల్లగా మన వంటిళ్ళలోకి వచ్చింది. దాని గుణాలన్నీ మన అమ్మలకి తెలుసు. ఊరికే సొట్టపడుతుంది. చింతపండు పులుసు అందులో పెట్టకూడదు. ఇత్తడికి వేసినట్టు దానికి మాటు వేద్దామంటే పట్టదు. అయితే అమ్మ దాన్ని ‘వంటింటి సంగతి’ అంది, వీళ్ళ పుస్తకం ‘మెటలర్జీ’ అంటోంది. పులుసు సంగతీ మాటు సంగతీ ఒకటేనని మా పిల్ల చెప్పింది. గాలి తగిలిన క్షణంలోనే ఈ లోహం మీద కంటికి కనపడనంత పల్చటి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. దాన్ని తుప్పు నుంచి కాపాడేదీ, ఇంకో లోహంతో అతక్కుండా అడ్డుపడేదీ ఆ పొరే. పులుపు ఆ పొరని తినేస్తుంది.

గొట్టం కోసం తలుపులూ కిటికీల సెక్షన్లు అమ్మే దుకాణానికి ఇద్దరం వెళ్ళాం. “ఆయ్, పాపగారికి స్కూలు ప్రాజెక్టాండీ?” అన్నాడు కుర్రాడు, నావైపు చూస్తూ. గొట్టం 6063 రకమేనా, గట్టిపరిచిందా, మెత్తదా అని తను అడిగితే లోపలి నుంచి యజమాని లేచి వచ్చాడు. జవాబులు మాత్రం నాకే చెప్పాడు. ఆయనకీ నాకూ మధ్య నిలబడి ప్రశ్నలన్నీ తనే వేసింది, చివరికి బిల్లు మాత్రం తన పేరు మీద రాయించుకుంది.

గట్టి గొట్టాన్ని ఉన్నపళంగా వంచితే పగులుతుంది. ముందు మెత్తబరచాలి. ఇక్కడే అల్యూమినియం పెట్టే చిక్కు ఉంది. ఇనుము ఎర్రబడి తన వేడి చెబుతుంది, కమ్మరి ఆ రంగు చూసి సుత్తి ఎత్తుతాడు. అల్యూమినియం ఎర్రబడకుండానే 660 డిగ్రీల దగ్గర కరిగి కారిపోతుంది. అందుకని గొట్టానికి బట్టల సబ్బు రుద్ది, గ్యాస్ మంటతో కాస్తూ ఆ సబ్బు చార ముదురు గోధుమరంగు దాటి నల్లబడేదాకా చూడాలి. నల్లబడితే చాలు, మంట తీసేయాలి. చల్లారాక లోపల ఇసుక పోసి దట్టించాలి, లేకపోతే వంపు దగ్గర గొట్టం నొక్కుకుపోతుంది. గోదావరి ఒడ్డున ఉండి ఇసుకకి కొదవేముంది! చెమ్మ లేకుండా బాణలిలో వేయించి, జల్లించి పోశాం. రెండు చివర్లా కర్ర బిరడాలు కొట్టి, మా అమ్మ నాటి రోకలిని స్తంభానికి కట్టి, దాని చుట్టూ వంచింది. రోకలి లావు సరిగ్గా తనకి కావలసిన వంపుకి సరిపోయింది.

అతకడానికి జింక్ కలిసిన కడ్డీ వాడింది. అది 380-400 డిగ్రీల మధ్య కరుగుతుంది. స్టీలు బ్రష్షుతో ఆక్సైడ్ పొర గీకి, మళ్ళీ పొర కట్టేలోపు పని కావాలి. మంటతో కడ్డీని కరిగించకూడదు, గొట్టం వేడికి కడ్డీ కరగాలి. ఒకచేత్తో మంట, ఇంకోచేత్తో కడ్డీ పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడే ఆ పిల్లని చూస్తుంటే, ఇరవయ్యేళ్ళొచ్చేదాకా ఈ పని ఎవరూ ఈ చేతికి ఎందుకివ్వలేదా అనిపించింది.

నాలుగు మూలలకీ నాలుగు గొట్టాలు నిలబెట్టి పైన చుట్టూ ఒకటి కడితే చూడటానికి పంజరంలాగే ఉంది. తను పక్కనుంచి వేలితో నెట్టింది. మొత్తం ఒక పక్కకి ఒరిగింది. “చతురస్రం ఒరుగుతుంది పెద్దమ్మా, త్రికోణం ఒరగదు” అంటూ ప్రతి గడిలోనూ ఒక ఏటవాలు గొట్టం వేసింది. ఉక్కుతో పోలిస్తే అల్యూమినియానికి బిగువు మూడోవంతే. అందుకని దీనికి త్రికోణాలు మరింత అవసరం. రిసీవర్ యాంటెన్నాని పంజరం బయటికి తీసింది, లోపలుంటే లోహం సంకేతాన్ని అడ్డుకుంటుందట.

ధవళేశ్వరం బ్యారేజీ దిగువన ఇసుకమేట మీద దాన్ని పరుగెత్తించాం. మొదటి అరగంటలో పదకొండుసార్లు బోల్తా పడింది. రెండు అతుకులు విడిపోయాయి. అవి ఏవో రాసుకుంది, ఇంటికొచ్చి అక్కడ అదనంగా రేకు ముక్కలు వేసింది. నిజానికి ఇంత చిన్నబండికి చట్రం విరిగే భయం తక్కువ. పొడవు పదోవంతయితే బరువు వెయ్యోవంతవుతుంది, గొట్టం అడ్డుకోత మాత్రం వందోవంతే అవుతుంది. తాటిచెట్టు మీంచి పడ్డ చీమ లేచి నడిచిపోయేది అందుకే. పంజరం కాపాడేది ముఖ్యంగా లోపలి లిథియం పాలిమర్ బ్యాటరీని. దానికి గట్టిపెంకు ఉండదు, రాయి గుచ్చుకుంటే అంటుకుంటుంది.

ఆ పదకొండుసార్లూ తను ఏమాత్రం కంగారుపడలేదు. ఆ బండి పడుతుందన్న లెక్కతోనే కట్టింది గదా! బయల్దేరుతుంది, వేగంగా పోతుంది, ఎక్కడో పడుతుంది, లేవాలి అన్న నాలుగు విషయాలూ ముందే ఒప్పుకున్నాకనే రోల్ కేజ్ గీస్తారు. మన ఇళ్ళూ హాస్టళ్ళూ ఆడపిల్లకి ఇచ్చే రక్షణ ఆ మొదటిదాన్నే ఒప్పుకోదు. బయల్దేరకపోతే పడదు కాబట్టి గేటు మూస్తుంది. పడ్డ మగపిల్లాడికి అనుభవం వచ్చిందంటారు, పడ్డ ఆడపిల్ల పేరు మాత్రం పోతుంది. మనం ఇన్నాళ్ళూ పంజరం తలుపు తెరవమని అడుగుతూ వచ్చాం. తెరిచాక పడితే ఏమిటి అన్న ప్రశ్నకి జవాబు కూడా మనమే కట్టుకోవాలేమో. రాత్రి బస్సు, షెడ్డులో లైటు, చేతికి తొడుగులు, ఫిర్యాదు చేస్తే వినే మనిషి... ఇవన్నీ గొట్టాలే. వీటిని త్రికోణాలుగా కట్టాలి.

ఇక నివేదికల సంగతి. అమెరికాలో ఓబర్లిన్ అనే ఊళ్ళో 1886 ఫిబ్రవరి 23న చార్లెస్ మార్టిన్ హాల్ ఇంటి వెనక షెడ్డులో విద్యుత్తుతో అల్యూమినియం తీశాడు. ఇవాళ్టికీ ఆ పద్ధతికి ఆయన పేరూ, అదే ఏడాది ఫ్రాన్స్‌లో విడిగా కనుక్కున్న ఎరూ పేరూ ఉన్నాయి. హాల్ అక్క జూలియా కూడా అదే కాలేజీలో రసాయనశాస్త్రం చదివింది. తమ్ముడి ప్రయోగాలు దగ్గరుండి చూసింది, తేదీలతో సహా రాసిపెట్టింది. పేటెంటు తగువులో ఎరూ కంటే హాల్ ముందని తేలడానికి ఆమె సాక్ష్యం, ఆమె రాతలు అక్కరకొచ్చాయి. మార్తా ట్రెస్కాట్ అనే చరిత్రకారిణి 1977లో ఆమె గురించి రాసేదాకా ఆ పేరు పెద్దగా వినపడలేదు. జూలియా పాత్ర ఎంత అన్న దాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఈ కథ చెప్పినప్పుడు మా పిల్ల, “రిపోర్టు రాయడం చిన్నపని అని నేనెప్పుడన్నాను? అదొక్కటే నాది అంటేనే బాధ” అంది. షెడ్డులో ఎవరేం చేశారో తేల్చే కాగితం మనం రాస్తాం, అందులో మన పేరు మాత్రం మనం రాసుకోం.

మన ఊరి సంగతే చూడండి. కాటన్ ఆనకట్ట 1847-52 మధ్య కట్టారు. ఆ పనుల కోసం ధవళేశ్వరంలో ఇనుపపనుల వర్క్‌షాపులు వెలిశాయి. అదే ధవళేశ్వరంలో 1874లో వీరేశలింగంగారు బాలికల పాఠశాల పెట్టారు. ఒకే ఊళ్ళో బడీ ఉంది, కొలిమీ ఉంది. నూటయాభై ఏళ్ళు గడిచాయి. ఆడపిల్ల ఆ బడి నుంచి ఇంజనీరింగ్ సీటు దాకా నడిచి వచ్చింది. కొలిమికి వెళ్ళే దారిలో మాత్రం ఇంకా ఏడున్నరకి గేటు పడుతోంది.

కొత్త జట్టు ఎంపిక త్వరలోనే. సెక్షన్లోని ఆరుగురు ఆడపిల్లలూ కలిసి కాలేజీకి ఒక ఉత్తరం రాశారు. షెడ్డు పనివేళలు పగటికి మార్చమని, ఆలస్యమైన రోజు గేటు తీయమని, జట్టులో పనులు అందరికీ వంతులవారీగా ఇవ్వమని. గేటు తొందరగా మూయమని కోరింది తల్లిదండ్రులేనని కాలేజీ జవాబిచ్చింది. దాంతో తల్లిదండ్రులకి తెలుగులో ఇంకో ఉత్తరం రాసి, దిద్దమని నాకు పంపారు. ‘దయచేసి అనుమతి ఇప్పించగలరు’ అని నాలుగుచోట్ల ఉంది. మూడుచోట్ల కొట్టేసి ‘కోరుతున్నాం’ అని రాశాను. నాలుగోది ఉంచమన్నారు వాళ్ళు, అమ్మానాన్నలు కదా అని. ఉంచాను.

ఆరు కుటుంబాల్లో నాలుగు సంతకం పెట్టాయి. మా చెల్లెలు ఇంకా పెట్టలేదు. ఉత్తరం చదివి, మడిచి, టీవీ మీద పెట్టిందట. నిన్న మళ్ళీ తీసి కళ్ళజోడు పెట్టుకుని చదువుతోందని పిల్ల ఫోన్లో చెప్పింది.