రాణిగారి మేడలో ఒక వాటా



మా మిషను కాంపౌండులో పాత బంగళా ఒకటి ఉంది. ఒకప్పుడు దొరగారు, దొరసానమ్మగారు కాపురమున్న ఇల్లు. ఎత్తైన గోడలు, టేకు దూలములు, చుట్టూ వరండా. వారు స్వదేశము వెళ్ళిపోయిన తరువాత దానికి తాళము పడింది. ఇప్పుడు వర్షము వస్తే నడిమి గది కారుతుంది. కొట్టివేసి షాపులు కడదామని కమిటీలో కొందరు, పెద్దలు కట్టినదాన్ని ముట్టుకోవద్దని మరికొందరు. ఈ తగవు తేలకముందే మేమిద్దరము ఒక సహవాస కూటము నిమిత్తము ఫ్రాన్సు దేశములోని నీస్ పట్టణమునకు వెళ్ళవలసి వచ్చింది. అక్కడ మేము చూచిన ఒక మేడను గూర్చి మీకు చెప్పాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

నీస్ మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉంది. మన శీతకాలము వలె అక్కడి చలి మెత్తన. అందుచేత 1864లో రైలు వచ్చినది మొదలు మంచు దేశాల రాజులు, ధనవంతులు చలికాలము గడపడానికి అక్కడికి వరుస కట్టారు. సముద్రము వెంబడి మైళ్ళ పొడవున చక్కని బాట ఉంది. దానిని ఇంగ్లీషువారి బాట అంటారు. దాని పుట్టుక విని మేము ఆశ్చర్యపడ్డాము. 1820 తరువాత ఒక చలికాలములో మంచు కొట్టి తోటలు పాడైపోయాయి. కూలీలకు పని లేక వీధుల వెంట అడుక్కోసాగారు. అప్పుడు అక్కడ ఉన్న లూయిస్ వే అనే ఆంగ్లికను పాదిరిగారు చందాలు పోగుచేసి, వారికి ఒడ్డున బాట వేసే పని చూపించారు. 1876-78 నాటి గొప్ప కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో కొంత భాగము కాంట్రాక్టు తీసుకొని మన పెద్దలకు కూలి పెట్టిన సంగతి మనకు తెలిసినదే. రాజులు షికారు చేసిన బాట కూడా అటువంటి కరువు పనే అని తెలిసి మాకు ఆ ఊరు కొంచెము దగ్గరైనట్లు అనిపించింది.

సముద్రము నుండి ఎగువకు వెళితే సిమియే అనే కొండ వస్తుంది. దాని మీద ఉంది మేము చెప్పబోయే మేడ. దాని పేరు రెజీనా, అనగా రాణి. ఇంగ్లాండు విక్టోరియా రాణిగారి రాకను ఉద్దేశించి కట్టిన హోటలు. బియాసిని అనే శిల్పి గీసిన నమూనా ప్రకారము 1897 నాటికి సుమారు 400 గదులతో పూర్తయింది. రాణిగారు దిగిన భాగము శిఖరము మీద కిరీటము వంటి కట్టడము ఇప్పటికీ ఉంది. ఎదుట 1912లో నిలిపిన ఆమె విగ్రహము కూడా ఉంది. 1897, 1898, 1899 సంవత్సరములలో మూడు వసంతాలు ఆమె ఇక్కడ గడిపారు. నడవలేని వృద్ధురాలు గనుక చిన్న గాడిద బండిలో కొండ దారుల వెంట తిరిగేవారు.

మొదటి ఏటి సంగతి ఒకటి ఉంది. రాణిగారి కొలువులో అబ్దుల్ కరీము అనే మన దేశపు మున్షీ ఉండేవారు. ఆమెకు ఉర్దూ నేర్పినవారు. 1897లో ఈ ప్రయాణమునకు ఆయనను తీసుకువస్తే, ఆయనతో కలిసి ఒక బల్ల దగ్గర భోజనము చేయవలసి వస్తుందని కొలువువారు ఎదురు తిరిగారు. రాజీనామా చేస్తామన్నారు. రాణిగారికి విపరీతమైన కోపము వచ్చింది. ఆమె లొంగలేదు, మున్షీ సిమియేకు రానే వచ్చారు. వేరు బంతిలో కూర్చోబెట్టబడిన బాధ తెలిసినవారము మనము. ఆ మేడ గుమ్మములో నిలబడి ఈ మాట విన్నప్పుడు, ఎంత పాలరాయి పరచినా మనిషి మనసు ఇరుకైతే ఆ ఇల్లు ఇరుకే అనుకున్నాము.

1901లో రాణిగారు చనిపోయారు. 1914లో మొదలైన యుద్ధముతో రాజులలో చాలామంది కనబడకుండా పోయారు. తరువాత జనము చలికాలమునకు బదులు ఎండకాలములో ఇసుక మీద స్నానములకు రావడము మరిగారు. కొండ మీద హోటళ్ళు బోసిపోయాయి. దాని మీద ప్రపంచమంతటా డబ్బు కరువు వచ్చింది. చివరకు 1930వ దశకములో రెజీనాను వాటాలు వేసి ఇండ్లుగా అమ్మివేశారు.

మాకు ఆతిథ్యమిచ్చిన సంఘములోని ఒక వృద్ధురాలు అటువంటి వాటాలో ఉంటారు. ఒక మధ్యాహ్నము టీకి పిలిచారు. తలుపు తీయగానే మా తలలు పైకి లేచాయి. కప్పు అంత ఎత్తు! అంచుల వెంట గచ్చుతో చేసిన పూలు, పాలరాతి చలిమంట గూడు, చెక్క పలకల నేల, నేల దాకా దిగిన కిటికీలు. వాటిలో నుండి దూరాన నీలముగా సముద్రము. కాని అంత పెద్ద గదిలో ఆమె కుర్చీ కిటికీ దగ్గర, మంచము ఒక మూల, కుట్టుపని బుట్ట ఒకటి. మిగిలినదంతా గాలి, వెలుతురు.

“ఇంత పెద్ద మేడను ఎవరు చూచుకుంటారమ్మా?” అని అడిగాము.

ఆమె నవ్వి, “అందరమూ. నేను క్రింది అంతస్తులో ఉన్నా పైకప్పు కారితే నా వంతు నేను ఇస్తాను. నా మీద పడదు గదా అంటే కుదరదు. ఏటా కూడుకుంటాము, పోట్లాడుకుంటాము, లెక్క తేల్చుకుంటాము” అన్నారు.

మేమిద్దరము ఒకరి ముఖము ఒకరు చూచుకున్నాము. మా నడిమి గది గుర్తుకు వచ్చింది.

ఆమె ఇంకొక మాట చెప్పారు. ఆ మేడలో అందరికంటె ఎక్కువ పని జరిగినది రాణిగారి కాలములో కాదట. ఆన్రీ మతిస్ అనే పేరుగాంచిన చిత్రకారుడు 1938లో అక్కడ ఒక వాటా కొన్నారు. 1941లో ఆయనకు కేన్సరు వచ్చి పెద్ద ఆపరేషను జరిగింది. ఆ తరువాత ఎక్కువ కాలము మంచము, చక్రాల కుర్చీ. 1942లో మోనిక్ బూర్జ్వా అనే యువతి నర్సుగా వచ్చి ఆయనకు రాత్రులు సేవ చేసింది. తరువాత ఆమె కన్యాస్త్రీ అయి, జాక్ మరీ అనే పేరు పెట్టుకొని, దగ్గరలోని వాన్స్ అనే ఊరిలో ఉన్నప్పుడు అక్కడి సహోదరీలకు సరైన ప్రార్థన స్థలము లేదని ఆయనతో చెప్పింది. ఆయన గుడికి క్రమముగా వెళ్ళే మనిషి కాడు. అయినా ఆ పనికి పూనుకున్నాడు.

యుద్ధ భయముతో 1943లో వాన్స్ వెళ్ళినవాడు 1949లో రెజీనాకు తిరిగి వచ్చి, తన పెద్ద గదినే ఆ మందిరమునకు నమూనా చేసుకున్నాడు. చేయి అందక పొడవైన వెదురు కర్ర చివర బొగ్గు కట్టి, గోడకు అంటించిన కాగితాల మీద బొమ్మలు గీశాడు. రంగు కాగితాలు కత్తెరతో కత్తిరించి, కిటికీల అద్దాలకు నమూనాలు తయారుచేశాడు. సుమారు నాలుగు సంవత్సరముల శ్రమ. 1951 జూన్ 25న మందిర ప్రతిష్ఠ జరిగినప్పుడు జబ్బు వలన ఆయన వెళ్ళలేకపోయాడు. 1954లో తన 84వ ఏట నీస్‌లోనే కన్నుమూశాడు.

మరునాడు మేము బస్సులో వాన్స్ వెళ్ళాము. అది కతోలికుల మందిరము. వారి ఆచారములు వేరు, మనవి వేరు. లోపల అడుగు పెట్టి ఏమీ మాట్లాడలేకపోయాము. చిన్న గది. తెల్లని గోడలు, నల్లని గీతలు. పసుపు, ఆకుపచ్చ, నీలము అద్దాలలో నుండి ఎండ నేల మీద పడి కదులుతున్నది. ఒక రోగికి ఒక ఆడపిల్ల రాత్రులు మేలుకొని చేసిన సేవ ఇక్కడికి వచ్చి ఇలా నిలిచింది గదా అని మా కండ్లు చెమ్మగిల్లాయి.

ఇంటికి వచ్చిన తరువాత మొదటి ఆదివారము కమిటీలో ఈ సంగతులన్నీ చెప్పాము. ఒక పెద్దాయన, “పాదిరిగారూ, వాళ్ళకు డబ్బున్నది, మనకేమున్నది?” అన్నారు. మాట నిజమే. పెంకులకు, దూలములకు ఎంత అవుతుందో మేస్త్రీని పిలిచి లెక్క వేయించాము. ఇంటికి ఇంత అని పంచితే, సంక్రాంతికి కోడి ఒకటి తగ్గించుకుంటే సరిపోయేటంత వచ్చింది. ఆ లెక్క ఇప్పుడు గుడి తలుపుకు అంటించి ఉంది. కొందరు వ్రాశారు, కొందరు ఇంకా వ్రాయలేదు. దొరగారి గదిలో కుట్టు మిషన్లు పెడదామని స్త్రీల సమాజమువారు అడుగుతున్నారు. దూరపు పల్లెల నుండి చదువుకోవడానికి వచ్చే పిల్లలకు వరండా ఇమ్మని యౌవనస్థులు అడుగుతున్నారు.

ప్రియులారా, మీ ఊరిలోను ఇటువంటి బంగళా ఒకటి తాళము వేసి ఉండవచ్చు. కొట్టివేయక మునుపు ఒకసారి తలుపు తీసి, లోపలికి గాలి రానివ్వండి. ఎవరు కట్టారు అని అడగడము మంచిదే. ఇప్పుడు అందులో ఎవరికి చోటున్నది అని కూడా అడగండి. కప్పు కారుతున్నదా, అది మన అందరి నెత్తి మీది కప్పే.