బొటనవేలు చెప్పిన లెక్క

మంచు కొండల మీద స్కీయింగ్‌కు అయ్యే ఖర్చు లెక్కగట్టేవారు సాధారణంగా పాస్ ధర, పరికరాల అద్దె, పెట్రోలు, హోటల్ గది దగ్గర ఆగిపోతారు. కాలివేళ్లను ఆ లెక్కలో కలిపేవారు తక్కువ. డెన్వర్ శివార్లలో స్థిరపడ్డ ఓ తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు 2024 వసంతంలో ఆ అవసరం వచ్చింది. అప్పుడు ఆయన వయసు 54. మధుమేహం మొదలై తొమ్మిదేళ్లు. కరీంనగర్ దగ్గరి పల్లెలో పుట్టి, మే నెల ఎండల్లో పెరిగిన శరీరం. కూతురిది మాత్రం నాలుగో ఏట నుంచే మంచుతో స్నేహం. ఆమె కాలేజీకి వెళ్లిపోయేలోగా తండ్రీకూతుళ్లకు మిగిలింది రెండు శీతాకాలాలే.

అమెరికాలో స్కీయింగ్ ఇప్పుడు సీజన్ పాస్‌ల చుట్టూ తిరుగుతోంది. 2008లో వెయిల్ రిసార్ట్స్ సంస్థ 579 డాలర్లకు ఎపిక్ పాస్ తెచ్చి ఈ వ్యాపారం తీరు మార్చేసింది. పదేళ్ల తర్వాత ఆల్టెరా సంస్థ ఐకాన్ పాస్‌తో పోటీకి దిగింది. 2024-25 సీజన్‌కు వాటి ప్రారంభ ధరలు వరుసగా 982, 1,249 డాలర్లు. ధర అతి తక్కువగా ఉండేది వసంతంలోనే. తర్వాత మెట్టు మెట్టుగా పెరుగుతుంది, డిసెంబర్‌లో అమ్మకం ఆగిపోతుంది. ఆ తర్వాత వచ్చేవారికి మిగిలేది ఒక్కరోజు టికెట్. కొన్ని పెద్ద రిసార్టుల్లో పండగ రోజుల్లో దాని ధర 300 డాలర్లు దాటిపోతుంది.

ఇందులో కిటుకు తేలిగ్గానే అర్థమవుతుంది. ఒక్క మంచు రేణువు రాలకముందే కంపెనీ చేతికి డబ్బు అందుతుంది. ఆ ఏడాది మంచు పడుతుందా, లేదా అన్న దిగులు కొనుక్కున్నవాడిది. శరీరం సహకరిస్తుందా, లేదా అన్నదీ వాడి దిగులే.

ఏ పాస్ కొనాలన్నది ఏ కొండకు వెళ్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. డెన్వర్ నుంచి పడమటికి వెళ్లే వాళ్లకు కీస్టోన్, బ్రెకెన్‌రిడ్జ్ ఎపిక్‌లో దొరుకుతాయి. వింటర్ పార్క్, కాపర్ మౌంటెన్ ఐకాన్‌లో ఉన్నాయి. వారాంతాల్లో ఐ-70 రహదారి మీద కార్లు బారులు తీరతాయి. కూతురి స్నేహితులంతా కీస్టోన్ వెళ్లేవారే కాబట్టి ఈ ఇంట్లో ఆ చర్చ ఐదు నిమిషాల్లో తేలిపోయింది. తేలనిది తండ్రి సంగతి.

ఆయన భార్య ముందటేడాది లెక్క తీసి ముందు పెట్టింది. 676 డాలర్లు పెట్టి తక్కువ రకం సీజన్ పాస్ కొన్నారు. వెళ్లింది ఐదు రోజులు. అంటే రోజుకు 135 డాలర్లు. "పదిహేను రోజులు వెళ్లుంటే 45 డాలర్లే పడేదండీ" అన్నది ఆవిడ వాదన. పదిహేను రోజులు ఎందుకు వెళ్లలేదో ఆవిడకూ తెలుసు. పదకొండు గంటలయ్యేసరికి ఆయన బొటనవేళ్లు రాళ్లలా అయ్యేవి. మిగతా పూటంతా లాడ్జిలో కాఫీ కప్పు పట్టుకుని, కిటికీలోంచి కూతురి ఎర్ర జాకెట్ కోసం వెతకడమే. ఊళ్లో ఉన్న తల్లి ఫోన్లో విని, "పైసలు పెట్టి మరీ సలికి వణుకుడేంది బిడ్డా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు.

పాదాలు చల్లబడడానికి కారణాలు చాలాసార్లు బూట్ల లోపలే ఉంటాయి. ఆయన అద్దెకు తీసుకునేవి వదులు బూట్లు. లోపల రెండు జతల మందపాటి మేజోళ్లు వేసేవారు. అయినా కాలు కదులుతోందని బకిల్స్ బిగించేవారు. అలా బిగిస్తే పాదం పైభాగంలో రక్తనాళాలు నొక్కుకుపోతాయి. వేళ్లకు వెచ్చదనం తెచ్చేది రక్తమే కాబట్టి, రెండో జత మేజోళ్లు చేసే మేలు కంటే ఆ బిగింపు చేసే కీడే ఎక్కువ.

బూట్లు అమర్చే దుకాణంలో ఆయన పాదాన్ని సెంటీమీటర్లలో కొలిచారు. చెప్పుల్లో పెరిగిన పాదం, వేళ్ల దగ్గర బాగా వెడల్పు. లోపలి మెత్తటి లైనర్ తీసేసి, వేళ్లు ముందుకు తగిలేలా ఖాళీ ప్లాస్టిక్ డొల్లలో నిలబెట్టారు. మడమ వెనక ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉంటే అది సరైన బూటు. అద్దె బూట్లు ఆ పరీక్షలో నెగ్గేవి కావని ఆయనకు అక్కడే అర్థమైంది.

మిగతావి చిన్న చిన్న జాగ్రత్తలు. ఒక్కటే పలచటి ఉన్ని మేజోడు. నూలుది పనికిరాదు, చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది. కారు నడిపేటప్పుడు వేసుకున్న మేజోళ్లు తీసేసి, బూటు తొడిగే ముందు పొడివి వేసుకోవాలి. రాత్రి బూట్లను కారు డిక్కీలో వదలకూడదు. చలికి ప్లాస్టిక్ బిగుసుకుపోతుంది, లైనర్ తడి ఆరదు. కుర్చీ లిఫ్టులో కూర్చున్నంత సేపూ బకిల్స్ వదులు చేయాలి. నడుము పైభాగం చల్లబడితే శరీరం ముందుగా చేతులకూ కాళ్లకూ రక్తం తగ్గిస్తుంది. కాబట్టి మంచి జాకెట్, కడుపునిండా తిండి కూడా పాదాల సంరక్షణే. దుకాణాల్లో దొరికే వేడి పొట్లాల్లో ఉండేది ఇనుప పొడి. గాలి తగిలి తుప్పు పట్టేటప్పుడు వేడి పుడుతుంది. బిగుతైన బూటులో గాలి ఆడదు కాబట్టి మామూలు పొట్లం అక్కడ త్వరగా చల్లబడుతుంది. అందుకే చాలామంది బ్యాటరీతో వేడెక్కే మేజోళ్ల వైపు మొగ్గుతున్నారు.

ఆయనా వాటినే కొనబోయారు. ఆపింది డాక్టరు. సన్నటి నైలాన్ తీగతో అరికాలి మీద ఒక్కోచోట తాకుతూ "తెలుస్తోందా?" అని అడిగితే, రెండు బొటనవేళ్ల దగ్గర ఆయన నుంచి జవాబు రాలేదు. మధుమేహం అక్కడి నరాలను దెబ్బతీయడం మొదలుపెట్టింది. స్పర్శ తగ్గిన కాలికి చలి ఎంత ప్రమాదమో వేడీ అంతే ప్రమాదం. చర్మం కాలుతున్నా తెలియదు. ఇన్నాళ్లూ చలి అనుకున్నదాంట్లో తిమ్మిరి పాలెంతో ఆయనకు ఇప్పుడు అనుమానం మొదలైంది.

డాక్టరు వెళ్లవద్దనలేదు, షరతులు పెట్టారు. గంటకోసారి లోపలికొచ్చి బూటు విప్పి కంటితో చూసుకోవాలి. వేలు తెల్లబడినా, బూడిద రంగుకు మారినా ఆ రోజుకు ఆట ముగిసినట్టే. రుద్దకూడదు. మళ్లీ గడ్డకట్టే అవకాశం లేనిచోట 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చటి నీటిలో ఉంచాలి. నీటి వేడిని వేరొకరు చేత్తో చూడాలి. చక్కెర కొలిచే మీటరు, ఇన్సులిన్ పెన్ను లోపలి జేబులో ఒంటికి దగ్గరగా ఉండాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, చలిలో మీటరు మొరాయిస్తుంది.

దాంతో పాస్ లెక్క మారింది. జబ్బు చేసినా, గాయమైనా కొన్ని పాస్‌ల మీద డబ్బు వెనక్కి వచ్చే ఏర్పాటు ఉంది. వేళ్లు చల్లబడి ఇంటికెళ్లిపోయిన రోజులకు ఎవరూ ఏమీ ఇవ్వరు. కాబట్టి కూతురికి సీజన్ పాస్, తండ్రికి ముందుగా కొనుక్కునే నాలుగు రోజుల పాస్ తీసుకున్నారు. ఆశతో కాకుండా, వెళ్లగలిగే రోజులతో భాగించి తేల్చిన లెక్క అది.

2025 జనవరిలో ఒక శనివారం ఉదయం ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీలు. కొత్త బూట్లతో ఆయనకు ఏ ఇబ్బందీ అనిపించలేదు. అయినా గంట కాగానే కిందికొచ్చి మేజోడు తీశారు. ఎడమ బొటనవేలు మైనంలా తెల్లగా ఉంది.

"నొప్పి లేదుగా నాన్నా, ఇంకొక్క రౌండ్ వెళ్దాం" అంది కూతురు.

"నొప్పి లేకపోవడమేనమ్మా భయం" అన్నారాయన.

ఆ అమ్మాయి మళ్లీ లిఫ్టు వైపు వెళ్లలేదు. గోరువెచ్చటి నీళ్ల గిన్నె తెప్పించి, ముందు తన చెయ్యి పెట్టి చూసింది. వేలికి రంగు తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో పూర్తిగా ఆడింది మూడే. అయినా ముందటేడాది ఐదు రోజుల్లో కలిసి గడిపినదాని కంటే ఈ మూడు రోజుల్లో ఇద్దరూ కలిసి ఉన్నదే ఎక్కువని ఆయన భార్య గమనించింది. ఆ వసంతంలో పాస్‌ల ప్రకటనలు మళ్లీ వచ్చినప్పుడు ఆవిడ రోజుకెంతని భాగించలేదు. "మళ్లీ నాలుగు రోజులదే తీసుకోండి, డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాక" అని మాత్రం అంది.