పిలుపు అందని గది



ఫోనులో మన మాట పోవు దారి కొన్ని సంవత్సరములుగా మారుచున్నది. మీలో అనేకులు ఆ క్రొత్త దారిని వాడుచునే యున్నారు గాని, వాడుచున్నామని యెరుగరు. టవరు సిగ్నలు అందని యింటిలో, ఇంటి వైఫై మీదుగా, మన మామూలు నంబరునకే పిలుపు వచ్చుటయు పోవుటయు కలదు. దీనికి వైఫై కాలింగ్ అని పేరు. ఎయిర్‌టెల్ వారు 2019 డిసెంబరులో ఢిల్లీ ప్రాంతమున దీనిని ఆరంభించిరి. జియో వారు 2020 జనవరిలో దేశమంతట నిచ్చిరి. ఇది వాట్సాప్ పిలుపు వంటిది కాదు. వాట్సాప్‌కు ఇరువురి యొద్దను ఆ యాప్ ఉండవలెను. ఇందులోనైతే అవతలివారి చేతిలో బటన్ల ఫోనున్నను మ్రోగును. సిమ్ము అదే, నంబరు అదే. నడుచు త్రోవ మాత్రమే వేరు.

మా పుత్తూరులో దీని యక్కర మెండు. 2022 ఏప్రిల్ నుండి మేము తిరుపతి జిల్లాలో చేరితిమి. అంతకు మునుపు చిత్తూరు జిల్లా. జిల్లా మారినది గాని చుట్టునున్న కొండలు మారలేదు. టవరునకును ఇంటికిని నడుమ కొండ అడ్డము వచ్చిన చోట్లున్నవి. దానికి తోడు పాత యిండ్లకు మూరెడు మందపు రాతి గోడలు. క్రొత్త యిండ్లకు ఇనుప కమ్ములు పరచిన సిమెంటు స్లాబు. సిగ్నలునకు రెండును అడ్డమే. వీధిలో నాలుగు గీతలు చూపు ఫోను పడకగదిలో ఒక గీతతో కొనఊపిరిగా నుండును. అందుచేత ఫైబరు ఇంటర్నెట్టు పెట్టించుకొని, ఇక పిలుపులన్నియు వైఫై మీద వచ్చునులే యని నెమ్మదిగా నుండువారు మా వీధులలో అనేకులు. ఆ నెమ్మది ఎంతవరకు నమ్మదగినదో మీతో చెప్పవలెనని ఇది వ్రాయుచున్నాను. నాకు చదువు చెప్పినది సెమినరీ గాని ఎలక్ట్రానిక్సు కాదు. అయినను ఇండ్లకు పోవు వాడను గనుక ఇట్టి చిక్కులు నా కంటబడుచుండును.

ఒక అన్నాచెల్లెండ్రున్నారు. పేర్లతో మనకు పని లేదు. ఇది వ్రాయుటకు వారే సెలవిచ్చిరి. అన్న పుత్తూరులో తలిదండ్రుల పాత యింటనే కాపురమున్నాడు. చెల్లెలు రాయవేలూరులో నర్సు పని చేయుచున్నది. తల్లి కాలము చేసిన పిమ్మట ఆ యింటి వాటా విషయమై ఇద్దరికిని మాట పట్టింపు వచ్చినది. నెల దినములు మాటలు లేవు. తరువాత చెల్లెలి మనసు కరిగి, ఒక రాత్రి డ్యూటీ దిగివచ్చి అన్నకు ఫోను చేసినది. అందుబాటులో లేరని చెప్పు ఆ రికార్డు మాట వినబడినది. మరునాడు మరల అదే మాట. మూడవనాడును అదే.

“మూడు తూర్లు చేసినానయ్యా,” అని ఆమె నాతో ఫోనులో ఏడ్చినది. “అందుబాటులో లేడంట! ఇల్లు కదలని మనిషి, యాడికి పోతాడు? నా నెంబరు బ్లాకు చేసి పెట్టినాడు.”

అన్న మాట వేరు. “అమ్మ పోయినాక దానికి మేమెవరమయ్యా? నెల దాటింది. ఒక్క ఫోను లేదు.” తన ఫోను తెరచి నాకు చూపెను. నిజమే, చెల్లెలి పేరు మీద ఒక్క మిస్డ్ కాలైనను లేదు.

చదువరీ, ఇక్కడ కొంచెము ఆగుము. ఇద్దరును నిజమే చెప్పుచున్నారు. ఫోను దాక చేరని పిలుపునకు ఫోనులో జాడ యుండదు. ఆమె పిలిచినది నిజము. అతనికి పిలుపు రాలేదన్నదియు నిజము. ఈ రెండు నిజముల నడుమ ఒక కుటుంబము చీలిపోవుటకు సిద్ధముగా నున్నది. అట్టి సమయమున క్షమాపణను గూర్చి మాటలాడుటకంటె ముందు ఫోనును చూచుట మేలని నాకు తోచినది.

మా పుత్తూరు కట్టు సంగతి మీరు వినియుందురు. ఎముక విరిగినవారు దూరదేశములనుండి ఇచ్చటికి వత్తురు. కట్టు కట్టువాడు ఆకు పసరును, గుడ్డు తెల్లసొనను, వెదురు బద్దలను ముందుగా ముట్టడు. ముందు వ్రేళ్లతో తడవి చూచును. విరిగినది ఎక్కడ, బెణికినది ఎక్కడ అని తెలిసికొనును. ఫోను చెడినదనగానే మనము చేయునది దీనికి తలక్రిందు. క్రొత్త సిమ్ము కొందుము, క్రొత్త ఫోను కొందుము, లేదా సెట్టింగ్సులో కనబడినదెల్ల నొక్కి ఉన్నదానిని పోగొట్టుకొందుము.

తడవి చూచుట అనగా ఇది. ఈ పిలుపు నాలుగు చేతులు మారును: ఫోను, ఇంటి వైఫై పెట్టె, ఇంటర్నెట్టు ఇచ్చువారు, కడపట సిమ్ము కంపెనీ వారి ద్వారము. మన ఫోను మాటను ముద్రవేసిన కవరులో పెట్టినట్లు కట్టి, వైఫై మీదుగా ఆ ద్వారమునకు పంపును. ద్వారమున సిమ్మును గుర్తుపట్టి, ముద్ర విప్పి, మాటను మామూలు టెలిఫోను దారిలోనికి విడుతురు. నాలుగు చేతులలో ఏ చేయి జారినను పిలుపు లేదు. కాబట్టి ఏ చేయి బాగున్నదో ముందు తేల్చుకొనవలెను.

ఆ యింటిలో వాట్సాప్ వీడియోలు చక్కగా వచ్చుచున్నవి. అనగా వైఫై పెట్టెయు ఇంటర్నెట్టును బ్రతికియున్నవి. వైఫై కాలింగ్ మీటను చూచితిమి, వేసియే యున్నది. రెండు సిమ్ములున్న ఫోనులో ఏ సిమ్మునకు ఆ సిమ్మునకు వేరు మీట యుండును. చాలమంది ఒకటి వేసి రెండవది మరతురు. ఇక్కడ అదియు కాదు. అప్పుడు నాకు తెలిసిన పరీక్షలలో మిక్కిలి నమ్మదగినది చేసితిమి. ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి, దాని మీద వైఫై ఒక్కటే తెరచితిమి. ఇట్లు చేసినయెడల టవరు మాట యిక లేదు. పిలుపు వచ్చిన వైఫై మీదనే రావలెను. నిమిషము లోపల ఫోను తలమీద వైఫై కాలింగ్ గుర్తు పడినది. నా ఫోనునుండి పిలిచితిని, మ్రోగినది!

అయితే నాలుగు చేతులును బాగున్నవి. మరి పిలుపు ఎందుకు రాలేదు?

ఎయిర్‌ప్లేన్ మోడ్ తీయగానే గుర్తు పోయినది. అప్పుడు సంగతి బయటపడినది. ఆ ఫోనులో వైఫై కాలింగ్ మీట క్రింద ఇంకొక యెంపిక కలదు: ముందు టవరునకా, ముందు వైఫైకా అని. అది టవరు మీద పెట్టియున్నది. పడకగదిలో నుండునది ఒక్క గీత సిగ్నలు. ఆ ఒక్క గీతను ఫోను విడువదు, పట్టుకొని వ్రేలాడును. బలమైన వైఫై ప్రక్కనే యున్నను దాని తట్టు తిరుగదు. ఆ గీత తెగినప్పుడెల్ల ఆ మనిషి లోకమునకు అందుబాటులో లేడు. యెంపికను వైఫైకి మార్చితిమి. కొన్ని ఫోనులలో ఈ యెంపిక కనబడదు. అట్టివారు ఆ గదిలో నున్నంతసేపు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో వైఫై తెరచుకొనియుండుట యొక ఉపాయము.

ఇంతటితో తీరినదని లేవబోవుచుండగా ఆ యింటి కోడలు గుమ్మమున నిలిచి, “రాత్రి తొమ్మిదికి వైఫై ఆపేస్తామయ్యా, పిల్లోళ్లు నిద్రపోకుండా ఫోను చూస్తా ఉంటారు,” అనెను. చెల్లెలు డ్యూటీ దిగి పిలుచునది తొమ్మిదిన్నరకు! లోపము ఒక్కటే యుండవలెనని నియమమేమియు లేదు. ఫోనులో యెంపికను మాత్రమే దిద్ది వచ్చియుంటే ఆ రాత్రియు పిలుపు అంది యుండదు, అన్న మీద అనుమానము రెండింతలయ్యెడిది. పిల్లల ఫోనులు పెద్దల చేతికి తీసికొనుట, పెట్టెను మాత్రము వెలుగుచుండనిచ్చుట అని వారు ఏర్పాటు చేసికొనిరి.

ఆ రాత్రి పిలుపు అందినది. ఏమి మాటలాడుకొనిరో నేనడుగలేదు. ఇంటి వాటా ఇంకను తేలలేదు, తేలువరకు మాటలాడుకొనుచున్నారు.

మీ యింటి చిక్కు వేరొకటి కావచ్చును. పరీక్షలో గుర్తు పడనే పడనియెడల, ప్రక్కింటివారి వైఫైలో గాని, వేరొక ఫోను హాట్‌స్పాట్‌లో గాని అదే పరీక్ష చేయుడి. అక్కడ గుర్తు పడినయెడల ఫోను నిర్దోషి. తప్పు మీ పెట్టెలోనో ఇంటర్నెట్టు ఇచ్చువారి యొద్దనో యున్నది. అక్కడను పడనియెడల ఫోనునో సిమ్మునో చూడవలెను. ఫోనులన్నియు దీనికి పనికిరావు. ఆయా కంపెనీ ఒప్పుకొనిన మోడలు కావలెను, సాఫ్ట్‌వేరు క్రొత్తదై యుండవలెను. వి.పి.ఎన్. అను యాప్ ఏదైన నడుచుచున్న దానిని ఆపి చూడుడి. అది మన కవరును ఇంకొక కవరులో దూర్చి వేరొక దేశము చుట్టు త్రిప్పి పంపును. కంపెనీ ద్వారము దానిని లోనికి రానీయకపోవచ్చును.

హాస్టళ్లలోను ఆఫీసులలోను వాట్సాప్ పలుకుచు వైఫై కాలింగ్ మాత్రము పలుకకపోవుట సాధారణము. ముద్రవేసిన మన కవరు 500, 4500 అను రెండు పోర్టుల గుండా పోవును. అక్కడి పెట్టెను కట్టుదిట్టము చేసినవారు ఆ రెంటిని మూసియుండవచ్చును. అట్టిచోట మీ ఫోనును ఎంత నొక్కినను లాభము లేదు. పెట్టె చూచువారికి ఆ రెండు అంకెలు చెప్పుడి, వారికి తెలియును.

మాట తెగితెగి వినబడినయెడల వైఫై బలము చాలలేదని యెంచుడి. పెట్టెను బీరువా వెనుక దాచువారిని చూచితిని. ఇనుప బీరువా ఎంత గోడకైన తీసిపోదు. పెట్టెలో 2.4 అనియు 5 అనియు రెండు విధముల వైఫై యుండును. 5 వేగము గలది గాని గోడలు దాటలేదు. రాతి యింటికి 2.4 మేలు. మాటలాడుచు వసారాలోనికి రాగానే పిలుపు తెగుచున్న, బయట 4జి సిగ్నలు చాలక ఫోను త్రోవ మార్చుకొనలేకపోయినదని గ్రహింపుడి. మంచి 4జి యున్నయెడల తెగకుండ మారును. నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ అనునది కడపటి మందు. చేయుటకు ముందు వైఫై పాస్‌వర్డు కాగితము మీద వ్రాసి పెట్టుకొనుడి. అది అన్నిటిని మరచును.

ఇంకొక సంగతి చెప్పక మానరాదు. కరెంటు పోయినప్పుడు పెట్టె ఆరును. పెట్టెతో కూడ మీ పిలుపును ఆరును. ఫోనులో చార్జి నిండుగా నున్నను ప్రయోజనము లేదు. చాల పెట్టెలు 12 వోల్టులతో నడుచును. వాటికని చిన్న బ్యాటరీలు బజారున దొరకును. వృద్ధులొంటరిగా నున్న యింట అది వ్యర్థపు ఖర్చు కాదు. 108కి గాని 112కి గాని పిలువవలసి వచ్చునేమో యని, ఇంటిలో ఏ మూలను, ఏ కిటికీ యొద్దను, ఏ మెట్టు మీదను టవరు సిగ్నలు దొరకునో పగటివేళనే వెదకి యుంచుడి, ఇంటివారందరికిని చూపుడి. పిలుపు అందిన తరువాత ఊరును, వీధిని, దగ్గరి గుర్తును మీ నోటనే చెప్పుడి. వైఫై మీద వచ్చిన పిలుపు ఎక్కడనుండి వచ్చినదో వినువారికి సరిగా తెలియక పోవచ్చును. మా వీధిలోని ఒక ముసలమ్మ ఆ చోటు తెలియుటకు మేడమెట్లలో మూడవ మెట్టునకు సున్నము పూసి యుంచినది.