ఒక ప్రశ్నకు ఒక వరుస జవాబులు

మన తెలుగు గోడపత్రికలో ఫోర్ట్రాన్ ఏంటి అని నవ్వకండి. ఆ పేరులోనే అనువాదం ఉంది. ఫార్ములా ట్రాన్స్‌లేషన్ అన్న రెండు మాటల్ని కుదిస్తే ఫోర్ట్రాన్ అయింది. మనిషి రాసిన గణిత సూత్రాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చడం దాని పని. ఐబీఎమ్ కంపెనీలో జాన్ బ్యాకస్, ఆయన తోటివాళ్లు దీన్ని తయారుచేసి 1957లో బయటికి తెచ్చారు. అమ్మతో తెలుగు, బాపాతో ఒడియా మాట్లాడుతూ, రోజంతా ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పుకునే ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి ఆ పేరు నాకు వెంటనే నచ్చింది.

దీన్ని నాకు పరిచయం చేసింది ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్న మా అక్క. "ఫంక్షన్ అంటే ఏంటే?" అని అడిగితే, "దుకాణానికి పంపిన పిల్లలాంటిది. ఏదో చేతికిచ్చి పంపుతావు, ఏదో తెచ్చిస్తుంది" అంది. పాత ఫోర్ట్రాన్ 77లో ఈ పిల్ల ఒక్క వస్తువే తేగలదు. అంటే ఫంక్షన్ ఒక్క విలువే తిరిగిస్తుంది. పది అంకెలు కావాలంటే సబ్‌రొటీన్ అనే వేరే దారి పట్టాలి. ఫోర్ట్రాన్ 90 వచ్చాక ఫంక్షనే మొత్తం వరుసను తెచ్చిస్తోంది. ఆ వరుస పేరే అర్రే.

అక్క చూపించిన ఉదాహరణ మన సముద్రానిదే. గాలి వేగాన్ని నాట్లలో కొలుస్తారు. వరినాట్లు కావు లెండి! ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. ఇచ్ఛాపురం, బరంపురం, గోపాల్‌పూర్, ఛత్రపురంలో గాలి వరసగా 40, 50, 60, 50 నాట్లు అనుకుందాం. ఆ నాలుగూ ఇస్తే ఫంక్షన్ 74.08, 92.6, 111.12, 92.6 అని నాలుగూ తిరిగిస్తుంది. లోపలికొచ్చే వరుస పొడవు ముందే చెప్పక్కర్లేదు, బ్రాకెట్లో ఒక కోలన్ పెడితే చాలు. బయటికెళ్లే వరుసకు రిజల్ట్ దగ్గర ఒక పేరు పెట్టి, సైజ్ అన్న మాటతో "వచ్చింది ఎంతో ఇదీ అంతే" అని ప్రకటించాలి. ఆపైన ఒక్క వాక్యం: వరుసను 1.852తో గుణించు. విడివిడిగా చెప్పే పనే లేదు.

కానీ ఒక షరతు ఉంది. పిలిచే ప్రోగ్రాంకి రాబోయేది వరుస అని ముందే తెలియాలి. తెలియకపోతే ఒక్క అంకె కోసమే చెయ్యి చాపుతుంది, సంచి లేకుండా సంతకెళ్లినట్టు. అందుకే ఫంక్షన్‌ని మాడ్యూల్‌లో, కంటైన్స్ అన్న మాట కింద పెట్టి, పిలిచే చోట యూజ్ అని ఆ మాడ్యూల్ పేరు రాస్తారు.

ఇది లాబ్ రికార్డు కోసం మాత్రమే కాదు. మన వాతావరణ శాఖ వాడే డబ్ల్యూఆర్‌ఎఫ్ నమూనా చాలావరకు ఫోర్ట్రాన్‌లోనే ఉంది. అది ఆకాశాన్ని గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికీ గాలి, తేమ, పీడనం లెక్కగడుతుంది. అక్కడ జవాబులన్నీ వరుసలే.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. నాకప్పుడు ఏడేళ్లు. మా అమ్మమ్మ ఇల్లు అక్కడికి దగ్గర్లో, అందరూ తెలుగే మాట్లాడే జాలర్ల పేటలో. ముందురోజు అమ్మ టీవీ చూస్తూ ఫోన్లో గాలి 200 అంట, 210 అంట అని చెబుతుంటే అమ్మమ్మ విసుక్కుంది. "ఒలే, నాకా లెక్కలెందుకే? ఇల్లొదిలేయాలా, వద్దా? అదొక్కటీ సెప్పు."

"ఒదిలేయమ్మా. పొద్దుగూకేలోపు బడికాడికెల్లిపో" అంది అమ్మ. అమ్మమ్మ వెళ్లింది. ఇంటి పైకప్పు పోయింది, మనిషి మిగిలింది. 1999 అక్టోబరు పెను తుఫానులో ఒడిశాలో దాదాపు 10 వేల మంది పోయారు. ఫైలిన్‌కి ముందే 10 లక్షల మంది దాకా ఇళ్లు ఖాళీ చేయించారు, అందుకే పోయినవాళ్లు పదుల్లోనే. అందులో లెక్కల పాత్ర ఉంది, ఇల్లిల్లూ తిరిగి చెప్పినవాళ్ల పాత్రా ఉంది.

వరుసలోంచి అన్నిటికన్నా పెద్ద అంకెను తీసిచ్చే మాక్స్‌వాల్ కూడా ఫోర్ట్రాన్‌లో ఉందట. కానీ ఆ అంకె కూడా అమ్మమ్మ అడిగినదానికి జవాబు కాదు. యంత్రం వరుస ఇస్తుంది, మనిషి "వెళ్లాలా, వద్దా" అని ఒక్కటే అడుగుతాడు. ఆ ఆఖరి అనువాదం ఆ రోజు మా అమ్మ చేసింది, అమ్మమ్మ భాషలో.

మనలో చాలామందికి తీరం ఊళ్లలో చుట్టాలున్నారు. ఈసారి హెచ్చరిక వస్తే అంకెలు చదివి ఊరుకోకండి. ఏ వేళకి, ఎక్కడికి వెళ్లాలో వాళ్ల తెలుగులో చెప్పండి. కరెంటు పోకముందే ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోమని కూడా చెప్పండి.